చెప్పులు నెత్తికెక్కించే చింతమోడు

ఆ వేరుశనక్కాయలు ఒలుస్తూనే వినండి, చేతులకేం చెవుల్లేవుగా. కాలవగట్టు మీది చింతమోడు తెలుసు కదా, దాని పక్కనుంచి ఎవరెళ్ళినా చెప్పులు విప్పి నెత్తిన పెట్టుకుంటారు, మోటారుసైకిలు కుర్రాళ్ళు కూడా బండాపి మరీ పెట్టుకుంటారు, ఎందుకంటే అక్కడి దెయ్యానికి చెప్పుల చప్పుడు గిట్టదట. గిట్టదని ఎవరికి చెప్పింది? అదే చెబుతున్నా.

అప్పుడు నాకు ఇరవయ్యేళ్ళు, చెట్టింకా నిలబడే ఉంది, ఊడ్పుల ముఠాలో అందరికన్నా ముందు నడిచేదాన్ని. ఓనాడు నా చెప్పుకి బొటనవేలు దూర్చే ఉంగటం తెగింది. ఒక చేతిలో గంజికుండ, ఇంకో చేత్తో ఎత్తిపట్టిన కుచ్చెళ్ళు, మరేం చేస్తాను, రెండు చెప్పులూ నెత్తిన పెట్టుకుని ఆ చింత కిందనుంచి నడిచాను. కొంతదూరం పోయి వెనక్కి చూద్దును కదా, ముఠాలో మిగతా పద్దెనిమిది మందీ చెప్పులు నెత్తినెట్టుకుని వస్తున్నారు. ఒక్కర్తీ ఎందుకని అడగలేదు. మర్నాడు నేను ఉంగటం కుట్టించుకుని చెప్పులేసుకునే వెళ్ళాను, వాళ్ళు మాత్రం మళ్ళీ నెత్తికెత్తారు, ఆ వారంలోనే బంగారమ్మకి చలిజ్వరం వచ్చింది, ఇంకేముంది, ఈ పైడమ్మే చెప్పులేసుకు తిరిగి చింతమీది దెయ్యానికి కోపం తెప్పించిందని మా మేస్త్రమ్మ అప్పలకొండ తేల్చేసింది.

దెయ్యమేంటత్తా, నా ఉంగటం తెగిందంతే అన్నాను. పాపం, ఆ దెయ్యమే దీని నోట అలా పలికిస్తోందని అందరూ నాలిక చప్పరించారు. తెల్లారి ముఠాని పిలుస్తూ మేస్త్రమ్మ నన్ను మాత్రం పిలవకుండా మా గుమ్మం దాటిపోయింది. అడిగితే, నీ మంచికేనే, ఇంట్లో పడుకో అంది. ఊడ్పులున్నదే ఇరవై రోజులు, అవి పోతే మళ్ళీ కోతలదాకా పనే లేదు, ఇంట్లో చంటిపిల్ల. మూడ్రోజులు పిలవలేదు. నాలుగోనాడు పిలవకుండానే వెళ్ళి, చింత ఇంకా ఇంత దూరముండగానే చెప్పులు విప్పి నెత్తిన పెట్టుకున్నాను. అప్పలకొండత్త ఏమందనుకున్నారు? సరిగా పెట్టుకోవే, జారతాయి అంది. ఆ రోజునించి మళ్ళీ నన్నే ముందు నడవమన్నారు.

ఆ పై ఏడు కొత్త కోడలొకతె ఎందుకిలా అని అడిగితే, ఆ దెయ్యం ఎంత పొడుగో, దాని జడ ఏ కొమ్మదాకా వేలాడుతుందో చెప్పిందెవరు? నేనే. ఊడ్పులయ్యాక చేతులకి సెలవుంది కానీ నోటికి లేదు కదా.

గాలివానకి చెట్టు కూలిపోయి, మోడొక్కటే మిగిలి ఎన్నేళ్ళయిందో. మొన్న మిట్టమధ్యాహ్నం ఒంటరిగా వెళ్తూ, చూసేవాళ్ళు లేరు, ఈ ఒక్కసారీ చెప్పులతోనే దాటేద్దామనుకున్నాను. మోడు దాటాక కాళ్ళు చుర్రుమన్నాయి. తడుముకుంటే చెప్పులు నెత్తినున్నాయి. ఎప్పుడెక్కాయో నాకే తెలీదు. ఇక అక్కడేం లేదని ఏ నోటితో చెప్పను?

అందుకే అటు పోకండి. పోక తప్పకపోతే చెప్పులు ఇంటి దగ్గరే వదిలి పొండి, కాళ్ళు కాలితే కాలాయి, నెత్తయినా మీది మీకు మిగుల్తుంది.