పెన్సిల్‌తో నింపిన ఫారం

(ఉదయం ఎనిమిదిన్నర. వంటింట్లో భార్యాభర్తలు. కొత్త వీడియో గేములు చూసి, ఏ వయసువాళ్లు ఆడొచ్చో తేల్చే ఆఫీసులో ఆయన ఉద్యోగం. తొమ్మిదేళ్ల కూతురు పక్కగదిలో బడికి తయారవుతోంది.)

“మళ్లీ అదే మాట! నా గేముల వల్ల కాదంటున్నానా?”

“మరెందుకండీ అలా ఉలిక్కిపడుతోంది? రాత్రి మూడుసార్లు లేచింది. గోళ్లు చూశారా? రక్తం వచ్చేదాకా కొరుక్కుంది.”

“పరీక్షలేమో.”

“నాలుగో తరగతికి అంత పరీక్షలా! ఆ నరుకుళ్లూ కాల్పులూ ఇంట్లోకి తెచ్చింది మీరు. ఇవాళే మీ ఆఫీసర్ని అడిగి వేరే సెక్షన్‌కి మారిపోండి. నాకు భయంగా ఉంది.”

“దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని చూసేవి కారు రేసులు. మిగతావి తలుపేసుకునే చూస్తాను. అయినా కత్తి ఉన్న ప్రతి వంటింట్లోనూ హత్యలు జరుగుతున్నాయా?”

“మీ ఆఫీసులో మిగిలిన పాత గేము ఫారాల వెనకే అది బొమ్మలేస్తుంది. ముందువైపు చదవదనుకున్నారా?”

“ఫారం చదివి ఎవరైనా జడుసుకుంటారా? ఖాళీ గళ్లే కదే!”

“కోడిగుడ్డు మీద ఈకలు పీకడం మీ తర్వాతే.”

“అది నా ఉద్యోగం! నా ఫైలేది? పదింటికల్లా సంతకం పెట్టి ఇవ్వాలి.”

“బ్యాగులో చూడండి. అరవకండి.”

“అరవట్లేదు. నా గొంతే అంత. ఇదేంటి... ఈ ఫారం నాది కాదే.”

“మీ బ్యాగులోది మీది కాకపోతే నాదా?”

“పెన్సిల్‌తో నింపి ఉంది. కొత్తగా చేరినమ్మాయిదై ఉంటుంది, పెన్సిలే వాడుతుంది. ఒక్కో గేమూ ఇద్దరం విడివిడిగా చూస్తాం, ఒకరి ఫారం ఒకరు చూడకూడదు. పొరపాటున నా బ్యాగులో పడినట్టుంది. కొంప మునిగింది!”

“చూడకూడదంటూనే చదువుతున్నారే.”

“గేము పేరు కూడా రాయలేదు, ఏ గేముదో తెలియొద్దూ? ‘పాత్రలు: ఇద్దరు. ఆయుధాలు: చేతికి ఏది దొరికితే అది.’ ఇలాంటి గేము నా దగ్గరికి రాలేదే. ‘రక్తం: కొంచెం. గాజుముక్క గుచ్చుకుని.’”

“చూశారా! ఇలాంటివి పిల్లలకి...”

“ఉండవే. ‘తిట్లు: ఆయన ఎక్కువ. ఆవిడ ఏడుస్తూ తిడుతుంది.’”

“ఛీ.”

“‘గెలిచేది: ఎవరూ గెలవరు. మర్నాడు మళ్లీ మొదలు.’ ఇదేం గేమో! ఊరికే ఇచ్చినా ఎవడాడతాడు?”

“నిషేధించండి. ఇది చూసిన పిల్లలు ఏమైపోతారు?”

“నిషేధించడం మా చేతిలో లేదు. మేం వయసు చెప్తాం, అంతే. ఇంట్లో ఎవరు చూస్తున్నారో కనిపెట్టుకోవాల్సింది తల్లిదండ్రులు.”

“అంటే నేను! జడ వేసేదీ నేనే, చదివించేదీ నేనే, అర్ధరాత్రి లేస్తే వీపు నిమిరేదీ నేనే. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఊరి పిల్లలందరికీ మీరు కాపలా, సొంత పిల్ల మాత్రం...”

“మొదలెట్టావా? పొద్దున్నే మొదలెట్టావా? ఒక్క పూట, ఒక్క పూట నన్ను ప్రశాంతంగా...”

“ఆ గ్లాసు కింద పెట్టండి.”

“పెడతాను! ఏం, విసిరేస్తాననుకున్నావా?”

“మొన్న విసరలేదూ?”

“మొన్న నువ్వన్న మాటకి ఎవడైనా విసురుతాడు!”

“నెమ్మదిగా. అది వింటుంది.”

“విననీ! తల్లి నోరెలాంటిదో దానికీ తెలియాలి.”

“నా నోరా? నా నోరు గురించి మీరా చెప్పేది?”

“సర్లే, ఆపు. బడికి టైమవుతోంది. అమ్మలూ! తయారయ్యావా? ... అమ్మలూ! పలకదేం?”

“మంచం కింద ఉంటుంది.”

“మంచం కిందేంటి?”

“ఈమధ్య అక్కడే కూర్చుంటోంది. అడిగితే ఆటంది. ఏం? ఎందుకలా నిలబడిపోయారు?”

“ఇందులో... ఇందులో కూడా ఉంది.”

“ఏముంది?”

“‘ఆడేవాళ్లు ఏం చెయ్యాలి: మంచం కింద కూర్చుని, చెవులు మూసుకుని, వంద లెక్కపెట్టాలి.’”

“ఇలా ఇవ్వండి ఆ కాగితం.”

“ఆఫీసుదే. ఆ కొత్తమ్మాయిదే...”

“ఇవ్వండంటున్నాను.”

“ఇదిగో.”

“దాని నోట్‌బుక్ ఒక్కసారైనా తెరిచి చూశారా మీరు? ఈ రాత మీ ఆఫీసు అమ్మాయిది కాదండీ.”

“నాకు... నేను హడావిడిలో... అసలు బ్యాగులో ఎందుకు పెట్టింది?”

“మీరు ఆఫీసుకి తీసుకెళ్తారని.”

“ఆఖరి గడి నేనింకా చదవలేదు. ఏం రాసింది?”

“నావల్ల కాదు.”

“చదువు. నెమ్మదిగా చదువు.”

“‘ఏ వయసువాళ్లకి: పెద్దవాళ్లకి మాత్రమే. నాకు తొమ్మిదే కదా. నేను ఎక్కడికి వెళ్లాలి?’”