కోటు లోపలి గుడ్డ

పంజాగుట్టలో 'మన నేల' పార్టీ బోర్డు దించిన రోజు సాయంత్రం, దాని అధ్యక్షుడు అమీర్‌పేటలోని టైలరు దగ్గరికి వచ్చాడు. పన్నెండేళ్లుగా ఆ పార్టీ జెండాలన్నీ కుట్టింది ఆ టైలరే.

"కోటు అయ్యిందా అన్నా? రేపు పొద్దుగాల పెద్ద పార్టీల చేరాలె."

"గుండీలొక్కటే ఉన్నయి. మన పార్టీ ఇగ లేనట్టేనా అధ్యక్షా?"

"యాడున్నది? 'మన నేల మనకే' అంటే ఒకప్పుడు బల్కంపేట దాంక జనం నిండేది. ఇప్పుడు జెండా పట్టెటోడే లేడు."

"ఒకడుండె. నా తమ్ముడు. మీ ర్యాలీల లాఠీ దెబ్బలకు సచ్చిండు. వాని మీద మన పార్టీ ఊదా జెండా కప్పి, మైకుల ఏమన్నరు?"

"పాత ముచ్చట్లెందుకన్నా?"

"'గీ జెండా ఇడిస్తే, నన్ను సుత పీనుగ లెక్క దీంట్లనే చుట్టుండ్రి' అన్నరు."

"మీటింగుల మస్తు అంటం. జర కోటియ్యి."

టైలరు కోటు పట్టుకుని తొడిగించాడు. అధ్యక్షుడు లోపలి వైపు చూసి ఆగిపోయాడు. నల్ల కోటు లోపలంతా ఊదా రంగు.

"గీ లైనింగు..."

"తమ్ముని మీదికెళ్లి తీసిన జెండానే. ఉతకలే."

ఆయన చేతులు బయటికి లాక్కోబోయాడు. టైలరు ఆయన భుజాలు వదల్లేదు.

"కదలకుండ్రి. చుట్టుడు అయిపోయింది. గుండీలు పెట్టుడే మిగిలింది."