ఖలుపిలుక్ కాపలా

సముద్రం మీది మంచు పగుళ్లిచ్చే రోజులు. తూలిక్ తాత మంచుబండి ఇంజను వేసి కూర్చున్నాడు. వెనక కట్టిన చెక్కబండి మీద మనవరాలు ఉలురియాక్ ఎక్కింది, దిగనంటోంది.

“దిగమ్మా, దిగు. సీల్ వేటకి వెళ్తున్నా, షికారుకా?”

“నేనూ వస్తా.”

“మంచు చీలికల్లో ఖలుపిలుక్ ఉంటుంది, తెలుసుగా?”

“ఎలా ఉంటుంది?”

“ఒళ్లంతా పాచి పట్టినట్టు పచ్చగా! ఇంతేసి గోళ్లు! మంచు కింద నుంచి టకటకా కొడుతుంది. ఎవరా అని వంగి చూసిన పిల్లని లాగి, తన చొక్కా వెనక సంచిలా వేలాడే టోపీలో వేసుకుని నీళ్లలోకి పోతుంది.”

“కోరలుంటాయా?”

“ఓ, ఉంటాయి.”

“నువ్వు చెక్కిన రాతిబొమ్మకి లేవేం?”

“చెక్కుతుంటే విరిగాయి.”

“దాని ముక్కు అచ్చం నీదే.”

“తడిమి చూసుకోడానికి నా ముక్కే కదా దొరికేది! దిగు.”

“దాన్ని నువ్వు చూశావా?”

“మా అమ్మ చెప్పింది.”

“మీ అమ్మని నేనే కదా! ఆవిడ పేరు నాకు పెట్టారనేగా నన్ను అమ్మా అంటావు?”

“అవును తల్లీ. ఆవిడే నీలో తిరిగొచ్చింది.”

“మరి నీకు ఖలుపిలుక్ గురించి చెప్పినట్టు నాకు గుర్తే లేదే!”

“పోయి మళ్లీ వచ్చావు కదా, మరిచిపోయుంటావు.”

“నేను చెబితే విన్నావా?”

“వినకేం? మెత్తబడ్డ మంచు మీద కాలు పెట్టొద్దన్నావు. పెట్టలేదు. అందుకే ఇంకా బతికున్నా.”

“ఎప్పుడూ ఎదురు చెప్పలేదా?”

“అమ్మకి ఎదురు చెప్పడమా? మన ఇంటావంటా లేదు!”

“ఇప్పుడు మంచు మెత్తబడిందా?”

“అదీ... కొంచెం. అంచున. నాకు దారి తెలుసులే.”

“నిన్న ఖౌనాక్ మామ బండి మునిగింది.”

“వాడికి కళ్లు లేవు.”

“నీకున్నాయా? పొద్దున నా బూటులో కాలు దూర్చబోయావు.”

“దిగుతావా, దిగవా?”

“నువ్వే దిగు కొడకా. మీ అమ్మని చెబుతున్నా. ఇంజను ఆపు.”

“ఏయ్!”

“ఎదురు చెప్పడం ఇంటావంటా లేదన్నావు.”

“ఆపాను... ఆపానమ్మా, చాలా? ఇంతకీ ఈ మాటలన్నీ నీకెవరు నేర్పారు?”

“మా అమ్మ. నువ్వు కూతురి మాట ఎలాగూ వినవట. మీ అమ్మ చెబితేనైనా వింటావేమోనని నన్ను పంపింది.”