కొసరు గాజు

చెయ్యి అంత బిగబట్టొద్దు తల్లీ! వేళ్ళు వదులు చెయ్యి. గాజు చిట్లితే మళ్ళా నామీద అలుగుతావు. ఇంట్లో ఒకతి అలిగి ఉండాది, చాలదా? అదే, నీ స్నేహితురాలు, నా కూతురు దివ్య.

నవ్వుతావేం కళ్యాణీ? బెళ్ళందూరులో బంగారట్లాంటి ఆఫీసు ఉద్యోగం, వదిలేసింది! దేనికి? గాజుల ఆటకు! బళేపేటలో నేను నిజం గాజులు తొడుగుతా ఉంటే, అది ఫోన్లో బొమ్మ గాజులు తొడుగుతాదంట.

ఫోన్లోనే జనాలు రాసుకొని మాట్లాడుకునే తావొకటి ఉండాదంట, దానికి యజమానే లేడంట, తెలుసునా? మన సంత మాదిరి. ఎవరి అంగడి వాళ్ళు పెట్టుకోవచ్చు. ఒకచోట సరిపోకుంటే స్నేహితుల్నీ మాటల్నీ మూట కట్టుకొని పక్కకు పోవచ్చు. అక్కడ ఎవరన్నా నాలుగు మాటలు రాస్తే చాలు, మా దివ్య యాప్ ఆ మాటల గుణం చూసి గాజులు పంపుతాది. కోపానికి మిరపపండు రంగు. దిగులుకు నెమలి రంగు. అబ్బబ్బ, ఎంత బాగుంటాయనుకున్నావు!

నాకెట్ల తెలుసునా? నువ్వేమన్నా లాయరువా? ఆ రెండో చెయ్యి ఇట్లియ్యి.

సరే, చెప్తా. తిట్టినాను దాన్ని. బాగా తిట్టినాను. ఆ పొద్దునుంచి మాటల్లేవు. మనసు పట్టక, ఏం చేస్తా ఉండాదో చూద్దామని దొంగపేరుతో చేరినా. పెద్దమునియప్ప అని!

చేరి నాలుగు మాటలు రాయంగానే డజను గాజులు వచ్చినాయి. డజనే! కొసరు లేదు! పైన ఒకటి శుభానికి వేయకుండా ఏ గాజులాయనన్నా పంపుతాడా? ఒళ్ళు మండి రాసేసినా, "ఎవరమ్మా నీకు ఈ పని నేర్పింది?" అని.

దివ్యే జవాబు రాసింది. "మా నాయన నేర్పినాడు. కొసరు మరిచింది నేనే" అని.

మరుసటి రోజుకల్లా అందరికీ కొసరు! అది మాత్రం మనం ఉంచుకోకూడదు, ఇంకొకరికి పంపాల. యాడాడి మనుషులో తల్లీ, పేర్లు పలకనే రావు, మా కొసరు ఒకరికొకరు తొడుగుతా ఉండారు! అంగట్లోనే ఎగిరినా. పెట్టె తగిలి మోకాలు వాచింది!

ఇప్పుడు రోజూ మాట్లాడుకుంటాం. "భోంచేసినారా మునియప్పగారూ?" అని అది లోపలి గదిలోనుంచి రాస్తాది. "అయింది తల్లీ" అని నేను నడవలోనుంచి రాస్తా. ఎదురుపడితే మాత్రం ఇద్దరమూ గోడ చూస్తాం.

అయిపోయింది, చూసుకో. డజను. ఇదిగో కొసరు.

ఊహూఁ, నువ్వు తొడుక్కోవద్దు. ఆట తెలుసు కదా, ఇంకొకరికి పంపాల. కొలత కూడా దానిదే తీసినాలే. దివ్యకియ్యి.

ఎవరిచ్చినారని అడిగితే... పెద్దమునియప్ప ఇచ్చినాడని చెప్పు.