చేటలో పరిచిన మడ్డి

పాలగెడ్డ ఊళ్లో గాసెమ్మ కోడలు దాలమ్మ ఉంది చూడండి, ఆ పిల్లకి నోట్లో మాటే ఉండేది కాదంట. కొండ అవతల నుంచి కాపురానికి వచ్చి ఆరు నెలలు. అత్త పిలిస్తే తప్ప పలకదు, వాకిట్లో మగాళ్లు కూర్చుంటే దొడ్డిదారిన పోతుంది. అలాంటి పిల్ల చేతికి కొత్త పంట ముట్టే కొత్తల పండగనాడు ఊరందరికీ లంద వడకట్టే పని వచ్చింది. లంద అంటే తెలుసు కదా, చోళ్లు, అంటే రాగులు, ఉడకేసి, చల్లార్చి, చేదువేరు దంచి కలిపి, మూతికి అడ్డాకు కట్టి పులియబెడతారు, అదీ. ఆ ఊరి కట్టుబాటు ఏమిటంటే, వేరుమందు వేసేది ఇంటి పెద్దామె, వడకట్టేది కోడలు. మందు వేసిన మనిషే మొదటి దొప్ప తాగాలి. అంతకంటే ముందు ఇంకోటుంది. వడకట్టాక మిగిలిన మడ్డిని పారబొయ్యకూడదు. చేటలో పలచగా పరిచి వాకిట్లో పెట్టాలి. ఊరిపెద్ద చూసి, ఏమీ లేదు తాగండి అంటేనే దొప్పలు ముట్టుకుంటారు. ఎందుకంటే చిల్లంగి భయం. తిండిలోనో తాగేదాంట్లోనో మందు పెట్టి మనుషుల్ని తీసేస్తారని భయం. దాలమ్మ కన్నోరి ఊళ్లో ఒకామె మీద ఆ మాట పడితే, పట్టుకొచ్చి రాటకి కట్టి ముందు పళ్లు పీకేశారంట. ఈ పిల్ల కంచె సందులోంచి చూసింది. అప్పటినుంచి ఎవరైనా గట్టిగా పిలిస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది, పాపం.

ఏమైందంటే, పొద్దు నడినెత్తికి వచ్చింది. వాకిట్లో ఊరంతా చేరిపోయింది, డప్పులు సెగకి కాచుకుంటున్నారు. దాలమ్మ వంటింట్లో ఒక్కతే. బాన మీద వెదురుబుట్ట పెట్టింది, బుట్టలో తడిపిన పాతగుడ్డ వేసింది, ముంతతో కొంచెం కొంచెం పోస్తోంది. ఒక్కసారి గుమ్మరిస్తే అడుగుమడ్డి లేచిపోయి అంతా బురదబురద అయిపోతుంది, అందుకని ఓపిగ్గా. తేట దారంలా దిగుతోంది. పులుపు తిరిగిందో లేదోనని వేలు ముంచి నాలిక్కి రాసుకుంది. బాగానే ఉంది అనుకుంది. కుండ ఖాళీ అయ్యాక గుడ్డ నాలుగు కొసలూ పట్టి మెలిపెట్టి పిండింది. పిండితే ఏమైంది, అరచేతికి గట్టిగా ఏదో తగిలింది. చేదువేరు అయితే పీచుపీచుగా ఉంటుంది, నలిపితే విడిపోతుంది. ఇది విడలేదు. విప్పి చూసింది. తెల్లగా, నున్నగా, నాగలికర్రలాగ వంకర తిరిగిన ముక్క. పక్కన ఇంకోటి. ఇంకోటి. నాభి దుంప! తుప్పల్లో నిప్పుమంటలాగ ఎర్రటి పువ్వు పూస్తుంది చూడండి, దాని గడ్డ. మేక తింటే మేక పోతుంది, మనిషి తింటే మనిషి పోతాడు.

దాలమ్మకి ఇందాక నాలిక్కి రాసుకున్నది గుర్తొచ్చింది. నాలిక మొద్దుబారుతున్నట్టు ఉందంట. నిజంగా బారిందో, భయమో, ఎవరికి తెలుసు? ఉమ్మింది, మళ్లీ ఉమ్మింది, బూడిద తీసి నాలిక్కి రుద్దుకుంది. ఇప్పుడు ఏం చెయ్యాలి? బయటికెళ్లి చెప్తే, వడకట్టిన చెయ్యి నీదే కదా, నువ్వే పెట్టావు అంటారు. అందులో చిల్లంగి ఊరి నుంచి వచ్చిన పిల్లాయె. ముక్కలు కొంగులో దాచేసి ఊరుకుంటే, ముందు అత్త తాగుతుంది, తర్వాత ఊరు తాగుతుంది. పోనీ బాన తన్నేస్తే? పండగకుండ నేలపాలు చేసిన కోడల్ని ఆ ఊళ్లో ఒక్క పూట ఉంచరు. అలా ఆ ముక్క పట్టుకుని కూర్చుండిపోయింది.

అంతలో గాసెమ్మ గోడ తడుముకుంటూ లోపలికొచ్చింది. "ఏటే గుంటా, ఇంకా అవ్వలేదేటి? బయట ముఖలింగం మావ గోల పెట్టేత్తన్నాడు" అంది. ముఖలింగం అంటే ఊరిపెద్ద. దాలమ్మ గుడ్డలోని మడ్డి చేటలో పరిచి, ఎత్తి అత్త మొహం ముందు పెట్టింది. మీద కనబడుతూనే ఉన్నాయి తెల్లముక్కలు. గాసెమ్మ వంగి చూసి, "బాగుంది, బాగుంది, తేట దిగింది" అందంట. అప్పుడు తెలిసింది దాలమ్మకి. అత్తకి కళ్లు లేవు. ఎన్నాళ్లనుంచో మసక, ఈ ఏడుకి అదీ పోయింది. ఎవరికీ చెప్పలేదు, ఎందుకంటే చూపు పోయిన చేతికి మందు వెయ్యనివ్వరు. నలభై ఏళ్లు మందు వేసిన చెయ్యి మరి! తుప్పల్లో తడుముకుని, మట్టి అంటిన గడ్డకి తేడా తెలియక, చేదువేరు అనుకుని ఏది తవ్విందో అదే తెచ్చి గబగబా సగంసగం దంచేసింది.

"అత్తా, ఇదొకసారి పట్టి సూడు" అని దాలమ్మ ముక్క అత్త చేతిలో పెట్టింది. గాసెమ్మ వేళ్లతో అటూ ఇటూ తిప్పింది. వంపు దగ్గర వేలు ఆగిపోయింది. "ఎవలకైనా సూపించినావేటి?" అంది గొణుగుతూ. "లేదత్తా." "నువ్వు నాలిక్కి రాసుకున్నావా?" "ఒక్క సుక్క..." ముసల్ది చేట తీసుకుంది, "నా ఎనకే రా" అంది. అయిపోయింది, ఇప్పుడు నన్ను చూపిస్తుంది, ఈ గుంట పెట్టింది అంటుంది అనుకుని దాలమ్మ రాట ఎక్కడుందా అని వాకిలంతా కళ్లతో వెతుక్కుందంట.

గాసెమ్మ చేట వాకిట్లో పెట్టి అంది, "ఇందులో నాభి ఉంది. నానే ఏసినాను. నా కళ్లు పోనాయి. ఎవలూ తాగకండి." ఎవడో వెనకనుంచి, "నీ కళ్లకేటైనాదే, మొన్న సంతకొచ్చినావు! కోడలు పెట్టింది, నువ్వు దాన్ని కాత్తన్నావు" అన్నాడు. ఇంకొకడు, "ఆ పిల్లది ఏ ఊరో తెలీదేటి మనకి" అన్నాడు. ఇంక ఒక్కొక్కడే లేస్తున్నారు. దాలమ్మ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టేసుకుంది. ముఖలింగం లేచి పక్కనున్న గొడ్డలి అందుకున్నాడు, అడుగు చప్పుడు కాకుండా గాసెమ్మ ఎదరకి వచ్చాడు, పైకెత్తి ఆమె ముక్కుకి బెత్తెడు దూరంలో దించి ఆపేశాడు. దాలమ్మ కెవ్వుమని అరిచింది. ఆ ఊళ్లో ఆ పిల్ల గొంతు విన్నది అదే మొదలంట. గాసెమ్మ రెప్ప కొట్టలేదు. గొడ్డలి మొహం ముందు మెరుస్తుంటే, కోడలి వైపు తల తిప్పి, "ఏటైనాదే గుంటా, ఎందుకలా అరిసినావు? ఎవలైనా కొట్టినారేటి?" అని అడిగింది.

అంతే. లేచినవాళ్లు లేచినచోటే నిలబడిపోయారు. ముఖలింగం గొడ్డలి కింద పెట్టి, "ఒదినా, లోపలికి ఎల్లు" అన్నాడు. బానతో సహా లందని ఊరి బయట గోతిలో పడేసి పైన ముళ్లకంప కప్పేశారు. ఆ ఏడు కొత్తలు చోడంబలితోనే అయ్యాయి. తాగనిదే డప్పు ఎలా మోగుతుందని కొందరు సణిగారనుకో, సణగరా మరి! దాలమ్మకి రెండు రోజులు కడుపులో తిప్పింది, అత్త పక్కనే కూర్చుని చల్ల పట్టించింది. గాసెమ్మ మాత్రం మళ్లీ మందు వెయ్యలేదు. మరుసటేడు నుంచి ఆ చెయ్యి దాలమ్మదే, వేరు తవ్వడం, దంచడం, వడకట్టడం అన్నీ. ఎన్నేళ్లయినా గుడ్డ పిండేటప్పుడు ఆమె చేతులు వణికేవంట. పిండేది, విప్పేది, మడ్డిని వేళ్లతో చితికేది, మళ్లీ పిండేది. దొప్పలు పట్టుకున్నవాళ్లు విసుక్కునేవారు, ఇంకెంతసేపమ్మా అని. విసుక్కుంటే విసుక్కోనియ్యండి. నన్నడిగితే, చేతులు వణకని మనిషి వడకట్టి ఇచ్చిన దొప్ప నేనైతే పట్టుకోను.