మూడో పిలుపు

కోర్టు వరండా. అక్క చెవిలో ఫోను, చంకలో పాప. పక్కన వకీలుగారి గుమాస్తా, హాలు గుమ్మంలో బంట్రోతు.

“బస్సెక్కేశానక్కా. ఊరు దాటేశాను. ఇంక ఫోన్ చెయ్యకు.”

“ఎక్కితే దిగు. నీ కేసు ఒకసారి పిలిచేశారురా. గుమాస్తాగారు బతిమాలితే జడ్జిగారు కాసేపు పక్కన పెట్టారు.”

“ఇవాళ నన్ను లోపలేసేస్తారట.”

“ఎవరన్నారు?”

“అంటున్నారు.”

“అదే, ఎవరని. గుమాస్తాగారూ, మా తమ్ముణ్ణి ఇవాళ లోపలేస్తారా?”

“ఎందుకేస్తారమ్మాయ్? బండి పోయిందన్న ఆసామీ సాక్ష్యానికే రాలేదు. మీవాడు వచ్చి నిలబడితే ఇంకో తేదీ ఇచ్చి పంపేస్తారు. రాకపోతేనే వారంటు.”

“విన్నావా? వస్తే ఇంటికి, రాకపోతే జైలుకి. నువ్వు తలకిందులుగా అర్థం చేసుకున్నావు.”

“అప్పుడూ గంటలో వదిలేస్తారన్నారు. నలభై రోజులున్నాను.”

“అప్పుడు వేరు.”

“అక్కా, నేను రాకపోతే నిన్నేం చేస్తారు?”

“నన్నేం చేస్తార్లే.”

“నిజం చెప్పు.”

“నా సంగతి వదిలెయ్. బస్సులో ఇంత నిశ్శబ్దమేంట్రా?”

“ఖాళీ బస్సు.”

“ముప్పై ఒకటో నంబరు కేసు. ముద్దాయి ఉన్నాడా, ముద్దాయి?”

“వస్తున్నాడండీ, దార్లో ఉన్నాడు. హలో? హలో? పెట్టేశాడు గుమాస్తాగారూ.”

“రెండో పిలుపైపోయింది. మూడోది కూడా అయితే ఇంక నా చేతుల్లో లేదు. జామీను పత్రంలో ఏం రాసుందో గుర్తుందా?”

“చదివే పెట్టానండీ సంతకం. ఏడుతో ఆగిన చదువు కదా, సగమే అర్థమైంది.”

“మిగతా సగం నేను చెప్తా విను. వాయిదాలకి వాణ్ణి హాజరుపరుస్తానని నువ్వు పూచీ పడ్డావు. పరచకపోతే పత్రంలో రాసిన సొమ్ము కోర్టుది. ఎందుకు వసూలు చెయ్యకూడదో చెప్పమని ముందు నోటీసొస్తుంది. చెప్పలేక, కట్టలేక కూర్చున్నావనుకో, ఇంటికి జప్తు.”

“ఆయనకి తెలీదండీ.”

“ఎవరికి?”

“మా ఆయనకి. ఇల్లు నా పేరునే ఉన్నా చెప్పి చెయ్యాలి కదా. ఇంటి పన్ను కట్టడానికని చెప్పి కాగితాలు పట్టుకొచ్చాను.”

“బాగానే ఉంది. మళ్లీ చెయ్యి ఫోను.”

“హలో. ఎందుకు పెట్టేశావు?”

“సిగ్నలు పోయింది.”

“ఇదిగో, పాప మామ మామ అంటోంది. ఒక్క మాట మాట్లాడు.”

“వద్దక్కా.”

“అటు మెట్లకేసి చెయ్యి చూపిస్తూ ఒకటే గోల. మామ ఫోనులో ఉన్నాడే అంటే వినదు.”

“దానికి జ్వరం తగ్గిందా?”

“తగ్గింది. మొన్న తెల్లవార్లూ నువ్వే కదా ఎత్తుకు తిరిగావు.”

“అక్కా, ఇల్లు పెట్టావా?”

“ఏ ఇల్లు?”

“మనిల్లు.”

“ఇప్పుడదెందుకు?”

“అక్కా.”

“పెట్టాను. మరి నీ మొహం చూసి వదుల్తారా?”

“నాకు చెప్పలేదేం?”

“చెప్తే బయటికి రానంటావని.”

“నాకు భయంగా ఉందక్కా. ఆ గదిలో వెల్లకిలా పడుకునే చోటు కూడా ఉండదు. నలభై రోజులూ ఒక పక్కకే తిరిగి పడుకున్నాను.”

“తెలుసురా. ఇప్పటికీ అలాగే పడుకుంటున్నావు.”

“ముప్పై ఒకటో నంబరు. ముద్దాయి ఉన్నాడా, ముద్దాయి?”

“అయిపోయిందమ్మాయ్, మూడోది. ఏం చెప్పను లోపల? బస్సులో ఉన్నాడనా?”

“వద్దండీ. ముద్దాయి వచ్చాడని చెప్పండి.”

“వచ్చాడా? ఏడీ?”

“తమ్ముడూ, ఈసారి ఫోను పెట్టెయ్యడం మర్చిపోయావురా. ఆ పిలుపు నాకు రెండు చెవుల్లోనూ వినపడింది.”