ఆటలమ్మ పోసిన ఇల్లు

నాందేడ్‌లో ఒక దవాఖాన వరండా. లోపల ఆడబిడ్డ వత్సల, బయట తోడికోడళ్లిద్దరు.

"డాక్టర్ ఏమన్నడక్కా?"

"వత్సల రక్తాన్ని దాని ఒళ్లే తింటున్నదట."

"అన్నం తినమంటే తినదు, ఇదేందక్కా!"

"దానికున్న కీళ్లరోగం మీద ఆటలమ్మ పోస్తే, ఎక్కడో ఒకరికి గిట్లయితదట. రోజూ ఏసుకునే గోలీలు ఆపిండ్రా అని అడిగిండు. ఒక్కసారే ఆపితే పానం మీదికొస్తదట."

"నువ్వేమన్నవ్?"

"ఒక్కపూట తప్పలేదని బాలాజీ దేవుని మీద ఒట్టేసిన."

"అక్కా... వేపమండలు కట్టినంక మందు ముట్టద్దని, ఆరు రోజుల సంది గోలీలు నేనే దాచిన."

"దాచినవా! బీఏ చదివినదానివి!"

"బీఏల ఆటలమ్మ పాఠం లేకుండె."

"ఏడ్వకు, నడువ్ లోపలికి. బాలాజీకి నేను తర్వాత చెప్పుకుంట. ముందు డాక్టర్‌కు నా ఒట్టు అబద్ధమని చెప్దాం."